2023 ఆగస్టు 20 నుంచి 26 వరకు: ఆ ఏడు రోజుల్లో జనం ఏమేమి వెతికారు?

రేపల్లె మాస్టారు
27 ఆగస్టు 2023, రాత్రి 8.15

సభ్యులందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నిన్నటితో ముగిసిన వారం గురించి మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బుధవారం సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగినప్పుడు, ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. నన్ను ఆశ్చర్యపరచింది ఆ సంఖ్య కాదు, మరునాడు మా అరుగు మీదకు వచ్చిన ప్రశ్నలు. రోవర్ పద్నాలుగు రోజులే ఎందుకు పనిచేస్తుంది, అక్కడి రాత్రి చలికి బ్యాటరీ ఏమవుతుంది, నాలుగు రోజుల ముందే రష్యా వారి లూనా-25 ఎందుకు కూలిపోయింది అని అడిగినవారిలో పిల్లలే కాదు, కిరాణా కొట్టు నడిపే మా పక్కింటాయన కూడా ఉన్నారు. చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు పద్నాలుగు రోజులని నేను చెప్పబోయేలోపే ఆయన చెప్పారు. ఎక్కడ చదివారంటే ఫోన్‌లో కొట్టి చూశానన్నారు. పాతికేళ్లు నల్లబల్ల మీద చంద్రకళలు గీసిన నాకు, ఆ మాట ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

తర్వాత, జనం గూగుల్‌లో ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో గీతగా చూపే గూగుల్ ట్రెండ్స్‌ను మా అబ్బాయి చేత తెరిపించి చూశాను. బుధవారం సాయంత్రం దగ్గర చంద్రయాన్ గీత తాటిచెట్టులా నిట్టనిలువుగా లేచింది. ఆ వారంలో ఇంకా చాలా జరిగాయి. సోమవారం తెలంగాణలో అధికార పార్టీ అయిన బీఆర్ఎస్ 115 మంది అభ్యర్థుల జాబితా ప్రకటించింది. బాకూలో ప్రజ్ఞానంద చదరంగం ప్రపంచ కప్ తుది పోరు ఆడాడు. గురువారం జాతీయ చలనచిత్ర పురస్కారాలు వచ్చాయి. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇన్నింటి నడుమ కూడా జనం చంద్రుడినే ఎక్కువగా వెతికారంటే, వారి మనసులో ఏముందో చూపే అద్దం ఇంతకంటే మంచిది ఉండదని నా అభిప్రాయం. కాదనేవారు దయచేసి కారణాలతో చెప్పండి.

గీతల లెక్క
27 ఆగస్టు 2023, రాత్రి 10.02

మాస్టారు గారూ, ఇలాంటి లెక్కలు చూడటమే నా ఉద్యోగం కాబట్టి కొంచెం పొడవుగా రాస్తున్నాను, మన్నించండి.

మీ అబ్బాయి చూపించిన గీతలో నిలువు వైపు ఉన్న అంకెలు 0 నుంచి 100 వరకే ఉంటాయని మీరు గమనించే ఉంటారు. అవి ఎంతమంది వెతికారో చెప్పే అంకెలు కావు. మనం ఎంచుకున్న ప్రాంతంలో, ఎంచుకున్న కాలంలో జరిగిన మొత్తం వెతుకులాటల్లో ఆ మాటకు దక్కిన వాటా ఎంతో లెక్కగట్టి, ఆ వాటా అన్నింటికంటే ఎక్కువగా ఉన్న క్షణానికి 100 ఇచ్చి, మిగతా క్షణాలను దానితో పోల్చి చూపుతారు. అందువల్ల అరుణాచల్ ప్రదేశ్‌కు, ఆంధ్రప్రదేశ్‌కు ఒకే 100 కనిపించవచ్చు గాని, రెండింటి వెనుక ఉన్న మనుషుల సంఖ్య ఒకటి కాదు. పైగా గూగుల్ మొత్తం వెతుకులాటలను కాక వాటిలోంచి తీసిన నమూనాను మాత్రమే లెక్కిస్తుంది. ఒకే ప్రశ్నను రెండు రోజుల తేడాతో అడిగితే అంకెలు కొద్దిగా మారడానికి కారణం అదే. వెతికినవారు మరీ తక్కువగా ఉంటే, వారు ఉన్నా సరే, సున్నా చూపుతుంది.

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఈ గీతకు ఎగసిపడేవే కనబడతాయి. రోజూ ఒకే మట్టంలో సాగేవి ఎంత పెద్దవైనా నేల మీద గీతలా పడుకొనే ఉంటాయి. వాతావరణం, బంగారం ధర, రైలు ఎక్కడుంది, ఫలానా వెబ్‌సైటులోకి ఎలా వెళ్లాలి వంటివి ఏడాది పొడవునా వెతుకుతూనే ఉంటారు. బుధవారం నాడు కూడా వెతికారు. కానీ వాటి గురించి ఎవరూ చర్చ పెట్టరు.

కాబట్టి అద్దం అనడానికి నాకు అభ్యంతరం ఉంది. నాడి పట్టి చూసినట్టు అంటే ఒప్పుకుంటాను. ఉలిక్కిపడితే నాడి వేగం పెరుగుతుంది. మనిషి దేని గురించి ఉలిక్కిపడ్డాడో, మిగతా రోజంతా దేని గురించి దిగులు పడుతున్నాడో అది చెప్పదు.

సత్తుపల్లి సెంటర్
28 ఆగస్టు 2023, ఉదయం 11.20

గీతల లెక్క గారు నేల మీద పడుకున్న గీతలు అన్నారు. వాటితోనే నా కుటుంబం గడుస్తోంది. సత్తుపల్లిలో పదకొండేళ్లుగా ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. మాస్టారు గారు అడిగిన వారంలో నా కుర్చీలో కూర్చొని నేను ఏమేమి వెతికానో గుర్తున్నంత వరకు రాస్తాను.

సోమవారం మధ్యాహ్నం అభ్యర్థుల జాబితా వచ్చినప్పుడు కొట్టు ముందు ఇరవై మంది నిలబడ్డారు. పేరు చదివాక అందరూ వెళ్లిపోయారు. పావుగంట పని. వారమంతా వచ్చింది మాత్రం గ్రూప్-2 అభ్యర్థులు. ఆగస్టు 29, 30 తేదీల్లో జరగాల్సిన పరీక్ష నవంబరుకు వాయిదా పడిన సంగతి మీకు తెలిసిందే. వాయిదా పడిందని తెలిసినవాళ్లే మళ్లీ వచ్చి, కొత్త తేదీ మీద ఏమైనా వచ్చిందేమో చూడమంటారు. ఒక కుర్రవాడు నాలుగు రోజులు వరుసగా వచ్చాడు. ఏమీ రాలేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. చూసి వెళ్తే వాడికి ఆ పూట చదువు సాగుతుందట.

రైతులు పామాయిల్ గెలల టన్ను ధర అడుగుతారు. మా ప్రాంతంలో ఆ తోటలు ఎక్కువ, ధర నెలకొకసారి ప్రకటిస్తారు. ఆధార్‌లో పత్రాలు ఉచితంగా ఎక్కించుకునే గడువు సెప్టెంబరు 14 వరకు ఉండటంతో ఆ పని మీద వచ్చినవారు ఎక్కువ. ఉల్లి ఎగుమతి మీద కేంద్రం 19న నలభై శాతం సుంకం వేసింది కదా, ధర పడుతుందా అని ఒక వ్యాపారి అడిగి వెళ్లారు. జూలైలో అందరూ అడిగిన టమాటా ధరను ఈ వారం ఒక్కరూ అడగలేదు. ధర దిగితే దాన్ని వెతికేవాడు ఉండడు.

చంద్రయాన్ రోజున ప్రింటర్ ఆపేసి మానిటర్‌ను వీధి వైపు తిప్పాను. బజారులో సగం మంది అక్కడే చూశారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అంతమంది కోసం నేను వెతికింది ఒక్కసారి. పైగా వాళ్లు తెలుగులో చెబుతారు, నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. మీ లెక్కలో మా ఊరి బజారు మొత్తం ఇంగ్లీషులో వెతికిన ఒకే ఒక మనిషి.

గీతల లెక్క
28 ఆగస్టు 2023, మధ్యాహ్నం 1.45

సెంటర్ గారి చివరి వాక్యాన్ని మా కార్యాలయంలో గోడకు అంటించాలి. తెలుగు లిపిలో రాసినది ఒక మాటగా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన అదే తెలుగు మరో మాటగా, అచ్చ ఇంగ్లీషు మూడో మాటగా విడివిడిగా లెక్కకు వస్తాయి. విడి మాటగా కాక అంశంగా ఎంచుకుంటే గూగుల్ కొన్నింటిని కలిపి చూపుతుంది గాని, మన ఊళ్ల పేర్లకు, పథకాల పేర్లకు అలాంటి అంశాలు తరచుగా ఉండవు.

కాకినాడ నుంచి అట్లాంటా
28 ఆగస్టు 2023, రాత్రి 9.30

మాస్టారూ, నా అనుభవం కూడా చెప్పనివ్వండి. విక్రమ్ దిగినప్పుడు మాకు ఉదయం 8 గంటల 34 నిమిషాలు. ఆఫీసుకు వెళ్తూ కారులో విన్నాను. ఆ వారం మా ఊళ్లో, అంటే అట్లాంటాలో, చుట్టుపక్కల వారందరూ వెతికినది మాత్రం ఒక ఫొటో. గురువారం రాత్రి ఇక్కడి ఫుల్టన్ కౌంటీ జైలులో మాజీ అధ్యక్షుడు ట్రంప్ ఫొటో తీసి విడుదల చేశారు. అమెరికా మాజీ అధ్యక్షుడికి అలాంటి ఫొటో తీయడం అదే మొదటిసారి కావడంతో మా ఆఫీసులో మరునాడంతా అదే మాట.

ఆ గురువారం రాత్రే నేను, నా స్నేహితురాళ్లు ఏం చేస్తున్నామో తెలుసా? తెల్లవారితే వరలక్ష్మీ వ్రతం. జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చినందువల్ల ఏ శుక్రవారం చేసుకోవాలో మొదటినుంచీ అందరికీ సందేహమే. నిజ శ్రావణంలో పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం 25 అని గుడివారు పంపిన కాగితంలో చూసి నిర్ధారించుకున్నాము. తర్వాత కలశం మీద కొబ్బరికాయ నిలవడానికి ఏం చేయాలి, రవికెల గుడ్డ ఎలా మడవాలి, తొమ్మిది పోగుల తోరానికి తొమ్మిది ముడులు ఎలా వేయాలి అన్నవి వెతుక్కున్నాము. ఒక్కటి కూడా గూగుల్‌లో చూడలేదు. అన్నీ యూట్యూబులోనే. ముడి ఎలా వేయాలో అక్షరాల్లో చదివితే అర్థం కాదు కదా. చివరికి తోరం దగ్గర సందేహం తీరక మా అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఫోన్ కెమెరా ముందు దారం పట్టుకొని చేసి చూపించారు. ఆ వెతుకులాట ఏ లెక్కలోకీ ఎక్కదు.

ఇలాంటివి దేశం మీద గీసే గీతలో ఎక్కడ ఉంటాయి? అట్లాంటాలో ఫొటో గీత ముందు మా తోరాల గీత కనిపిస్తుందా?

పక్కింటి పరమేశం
28 ఆగస్టు 2023, రాత్రి 10.11

ట్రెండ్స్‌లో యూట్యూబు వెతుకులాటలను విడిగా చూసే ఏర్పాటు కూడా ఉందండీ, పై వరుసలో ఎంచుకోవచ్చు. మా ఇంట్లో అయితే ఆ రోజున తొమ్మిది రకాల పిండివంటల వీడియోలు వరుసగా నడిచాయి. తొమ్మిదింటిలో రెండే మా దాకా వచ్చాయి.

తెవికీ బాటసారి
29 ఆగస్టు 2023, ఉదయం 6.50

గూగుల్ వాటాలు మాత్రమే చెబుతుంది కాబట్టి, విడి అంకెలు కావలసినవారు వికీపీడియా వైపు రావచ్చు. ప్రతి వ్యాసాన్ని ఏ రోజు ఎన్నిసార్లు తెరిచారో ఎవరైనా చూడవచ్చు. ఇప్పుడున్న పద్ధతిలో 2015 జూలై నుంచి లెక్కలు దొరుకుతాయి. ఆంగ్ల వికీపీడియాలో కొందరు సభ్యులు ప్రతి వారం మొదటి ఇరవై అయిదు వ్యాసాల జాబితా తయారుచేసి, ఏది ఎందుకు పైకి వచ్చిందో ఒక్కో వాక్యంలో రాస్తారు. అంకెల కంటే ఆ వాక్యాల కోసమే నేను చదువుతాను.

అయితే ఇందులోనూ చిక్కులు ఉన్నాయి. అక్కడ రోజు గ్రీన్విచ్ కాలం ప్రకారం మారుతుంది, అంటే మనకు తెల్లవారుజామున అయిదున్నరకు. అట్లాంటా అక్కగారి ఊళ్లో వేసవిలో రాత్రి 8 గంటలకు. అందువల్ల వారి ఊరి గురువారం రాత్రి ముచ్చట లెక్కలో శుక్రవారం కింద పడుతుంది. మనుషులు కాక యంత్రాలు తెరిచే పుటలను వడకట్టడానికి ప్రయత్నిస్తారు గాని, వింతలు మిగులుతూనే ఉంటాయి. ఒకప్పుడు క్లియోపాత్రా వ్యాసం కారణమేమీ లేకుండా నెలల తరబడి పై వరుసలో నిలిచింది. గూగుల్ అసిస్టెంట్ నమూనా ప్రశ్నగా ఆమె పేరు చూపించడమే దానికి కారణమని తేల్చారు. జనం నొక్కారు, అంతే. మాస్టారు గారు దాన్ని ఈజిప్టు చరిత్ర మీద ఆసక్తి అనుకునేవారేమో!

ఈ వారం నాకు నవ్వు తెప్పించిన సంగతి మాత్రం పేర్లది. చంద్రుడి మీద తిరిగే బండి పేరు ప్రజ్ఞాన్. అదే రోజుల్లో బాకూలో కార్ల్‌సెన్‌తో చదరంగం ఆడుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ప్రజ్ఞానంద. మొదటి నాలుగు అక్షరాలు కొట్టేసరికి ఏది కావాలో యంత్రానికి తెలియదు, కొట్టినవాడికి రెండూ కావాలి. పైగా ఆ అబ్బాయి పేరును ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వారు రాశారు. బుధవారం రెండో ఆట డ్రా అయింది, ఆ సాయంత్రమే విక్రమ్ దిగింది, గురువారం టైబ్రేక్‌లో కార్ల్‌సెన్ గెలిచాడు. విక్రమ్ అంటే ల్యాండర్, విక్రమ్ సారాభాయ్, తమిళ నటుడు. శనివారం ప్రధాని ల్యాండర్ దిగిన చోటుకు శివశక్తి అని పేరు పెట్టాక, ఆ మాట కోసం వెతికినవారిలో ఎవరికి చంద్రుడు కావాలో, ఎవరికి స్తోత్రం కావాలో తేల్చగలవారు ఉంటే ముందుకు రావాలి.

రేపల్లె మాస్టారు
29 ఆగస్టు 2023, సాయంత్రం 5.30

అందరికీ కృతజ్ఞతలు. సగం ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. అయినా మిగతా సగం వదలను. గీత ఎన్ని మెలికలు తిరిగినా, మా పక్కింటాయన పద్నాలుగు రోజుల సంగతి తెలుసుకున్న మాట నిజం. గ్రూప్-2 కుర్రవాడు రోజూ వెతికినది తన బతుకు కోసం. బుధవారం నాటి వెతుకులాటలో ఎవరికీ ఏ లాభమూ లేదు. లాభం లేకుండా తెలుసుకోవాలని అనిపించడమే కదా మేము పిల్లల్లో కలిగించాలని జీవితమంతా తాపత్రయపడినది.

సత్తుపల్లి సెంటర్
29 ఆగస్టు 2023, రాత్రి 9.05

మాస్టారు గారూ, మీ మాట కాదనను. అయితే లాభం కోసం వెతికేవాణ్ణి తక్కువ చేయకండి. ఆ కుర్రవాడు భూగోళం పాఠంలో చంద్రుడి గురించి కూడా చదువుతున్నాడు. చంద్రయాన్-3 ఏ తేదీన శ్రీహరికోట నుంచి లేచింది, రోవర్ బరువు ఎంత అని నన్ను చూడమన్నది వాడే. జూలై 14, 26 కిలోలు. పరీక్షలో వస్తుందట.

పాత పేపరు
4 సెప్టెంబరు 2023, ఉదయం 10.40

ఆలస్యంగా వస్తున్నాను. పత్రికలో రాత్రి డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేశాను కనుక, ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక సంగతి చెప్పాలనిపించింది.

మీరు చర్చిస్తున్న బుధవారం ఉదయమే జింబాబ్వే క్రికెట్ మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ మరణించాడని వార్త వ్యాపించింది. ఆయనతో కలిసి ఆడిన హెన్రీ ఒలాంగా సామాజిక మాధ్యమంలో సంతాపం ప్రకటించడంతో అందరూ నమ్మారు. కొన్ని గంటల్లోనే, తాను బతికే ఉన్నానని స్ట్రీక్ స్వయంగా పంపిన సందేశాన్ని ఒలాంగా బయటపెట్టి పొరపాటు దిద్దుకున్నారు. ఈ మధ్యలో ఆ పేరు వెతికినవారందరూ లెక్కలో చేరారు. చనిపోయాడా అని వెతికినవారు, చనిపోలేదట నిజమేనా అని వెతికినవారు, ఒకే గీతలో ఒకే రంగులో కలిసిపోయారు. నిన్న ఆయన నిజంగానే కన్నుమూశారు. ఇప్పుడు మళ్లీ ఆ పేరు వెతికేవారిలో, పాత వార్తే తిరుగుతోందేమో చూద్దామనుకునేవారు ఎందరో. నేనూ అలాగే చూశాను.

అదే రోజు రష్యాలో వాగ్నర్ అనే కిరాయి సైన్యం అధినేత ప్రిగోజిన్ ప్రయాణిస్తున్న విమానం కూలింది. మాస్కోకు వ్యతిరేకంగా ఆయన సైన్యాన్ని కదిలించి అప్పటికి సరిగ్గా రెండు నెలలు. చంద్రుడు లేని దేశాల్లో, అంటే మన చంద్రయాన్ పట్టని దేశాల్లో, ఆ వారం ఆయన పేరే వెతికి ఉంటారు. మనకు చంద్రుడు ఎంత పెద్దదిగా కనబడ్డాడంటే మిగతా ప్రపంచం దాని వెనక్కు పోయింది.

ఇంటర్నెట్టు లేని రోజుల్లో ఈ ప్రశ్నలన్నీ మా డెస్కు ఫోనుకు వచ్చేవి. ప్రముఖుల ఆరోగ్యం బాగులేదంటే అర్ధరాత్రి దాటాక కూడా, ఫలానా వారు పోయారటగా అని అడిగేవారు. స్కోరు అడిగేవారు. పదో తరగతి ఫలితాల రోజున ఫోను కింద పెడితే మళ్లీ మోగేది. మేము ఒక పని చేసేవాళ్లం, దాన్ని ఇప్పటి యంత్రం చేయలేకపోతోంది: తెలియకపోతే ఇంకా తెలియదండీ అని చెప్పి ఫోను పెట్టేసేవాళ్లం. అడిగిన గొంతును బట్టి ఇది ఉబుసుపోక అడుగుతున్నాడా, ఆ ఇంటివాళ్లా అన్నది కూడా తెలిసేది.

గీతల లెక్క
4 సెప్టెంబరు 2023, మధ్యాహ్నం 2.15

పాత పేపరు గారు చెప్పిన గొంతు సంగతికి మా రంగంలో ఒక ప్రసిద్ధమైన ఓటమి ఉంది. 2008లో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ అని ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. జ్వరం, దగ్గు, మందులకు సంబంధించిన వెతుకులాటలను బట్టి అమెరికాలో ఫ్లూ ఎక్కడ ఎంత ఉందో ప్రభుత్వ నివేదికల కంటే ముందుగా చెప్పాలన్నది ఉద్దేశం. 2009లో కాలం కాని కాలంలో హెచ్1ఎన్1, అంటే స్వైన్ ఫ్లూ, వచ్చినప్పుడు దాని మొదటి విజృంభణను తక్కువగా అంచనా వేసింది. 2012-13 చలికాలంలో అసలు కేసులతో పోలిస్తే దాదాపు రెట్టింపు చూపింది. 2015లో దాన్ని ఆపేశారు. టీవీలో ఫ్లూ గురించి చెబితే ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా వెతుకుతాడు. కొన్ని అక్షరాలు కొట్టగానే గూగులే కింద సూచనలు చూపితే, అడగాలనుకోనివాడు కూడా నొక్కుతాడు. జ్వరం ఉన్న గొంతుకు, భయపడిన గొంతుకు తేడా తెలియకపోవడమే అక్కడ జరిగినది.

కాకినాడ నుంచి అట్లాంటా
4 సెప్టెంబరు 2023, రాత్రి 8.20

ఇంతకీ గొంతు తెలిస్తే మాత్రం మంచిదా అండీ? నేను ఏం వెతికానో అంతా కలిపి ఎవరైనా చదివితే నాకు భయమే.

గీతల లెక్క
4 సెప్టెంబరు 2023, రాత్రి 9.00

భయపడవలసినదే. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ పరిశోధకుల కోసమని, దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలల పాటు వెతికిన రెండు కోట్ల మాటలను పేర్లు తీసేసి, అంకెలు పెట్టి బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఆ అంకెల్లో ఒకదాని వెనుక ఉన్న వృద్ధురాలి ఇంటి తలుపు తట్టారు. ఆమె ఊరు, ఇంటిపేరు, పెంపుడు కుక్క అలవాట్లు, వేళ్ల తిమ్మిరి, అన్నీ వెతుకులాటల్లోనే ఉన్నాయి. వారంలో దేశం ఏం వెతికిందో తెలుసుకోవడం వేడుక. వారంలో ఒక మనిషి ఏం వెతికాడో తెలుసుకోవడం ఆ మనిషి తలుపు తీసి లోపలికి వెళ్లడం.

సత్తుపల్లి సెంటర్
5 సెప్టెంబరు 2023, ఉదయం 8.10

నా దగ్గర ప్రతి రాత్రి కొట్టు కట్టేటప్పుడు చరిత్ర మొత్తం తుడిచేస్తాను. ఎవరో చెబితే కాదు, ఒకసారి జరిగినదాన్ని బట్టి. నడివయసు ఆవిడ మందుచీటీ పట్టుకొని వచ్చి, తమ్ముడూ ఈ మందు దేనికి వాడతారో చూసిపెట్టమన్నారు. ఆయన చొక్కా జేబులో దొరికిందట. నేను మందు పేరు కొట్టాను, చదివాను. ఆవిడకు చదువు రాదు. నా ముఖం చూస్తున్నారు. పెద్దాసుపత్రిలో డాక్టరు గారినే అడగండి అక్కా అని చెప్పి చీటీ తిరిగి ఇచ్చాను. ఆ మధ్యాహ్నం ఆ మందు పేరు మా ఊరి లెక్కలో ఒకటిగా చేరి ఉంటుంది.

రేపల్లె మాస్టారు
5 సెప్టెంబరు 2023, ఉదయం 9.30

నాయనా, ఉపాధ్యాయ దినోత్సవం నాడు పొద్దున్నే చదివాను. మీరు చేసినది సరైన పని.

నిన్న విక్రమ్‌ను నిద్రపుచ్చారు, రోవర్‌ను అంతకు రెండు రోజుల ముందే. పక్కింటాయన అడగలేదు. నేనే వెళ్లి చెప్పాను.

తెవికీ బాటసారి
13 డిసెంబరు 2023, సాయంత్రం 6.25

పాత చర్చను తవ్వుతున్నందుకు క్షమించండి. సంవత్సరాంతపు జాబితాలు వచ్చాయి. గూగుల్ భారతదేశపు జాబితాలో వార్తా సంఘటనల కింద మొదటి స్థానం చంద్రయాన్-3కి దక్కింది. మాస్టారు గారికి అభినందనలు. కిందటి ఏడాదితో పోలిస్తే ఎంత ఎగసిందన్నదే ఆ జాబితాకు కొలమానమని, మొత్తం సంఖ్య కాదని గీతల లెక్క గారు అనేలోపు నేనే అనేస్తున్నాను. ఆంగ్ల వికీపీడియాలో ఈ ఏడాది ఎక్కువమంది తెరిచినది చాట్‌జీపీటీ వ్యాసం, దాదాపు అయిదు కోట్ల సార్లు. రెండో స్థానం ఏడాదిలో మరణించినవారి జాబితాది. మూడోది క్రికెట్ ప్రపంచ కప్. ఆ రెండో స్థానం చూస్తే పాత పేపరు గారి రాత్రి ఫోను గుర్తుకు వచ్చింది.

సత్తుపల్లి సెంటర్
13 డిసెంబరు 2023, రాత్రి 9.40

ఈ వారం మా దగ్గర ఆధార్ తప్ప మరో మాట లేదు. 9వ తేదీ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది కదా, గుర్తింపు కార్డు చూపించాలి. ఎప్పుడో పోగొట్టుకున్న కార్డుల కాపీలు తీసుకోవడానికి ఉదయం ఏడింటికే వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నారు. ఒక పెద్దావిడ భద్రాచలం వెళ్లి వచ్చి, రెండో రోజు మళ్లీ వెళ్లి వచ్చారు. గ్రూప్-2 మళ్లీ వాయిదా పడింది, జనవరికి. కుర్రవాడు వస్తూనే ఉన్నాడు.

రేపల్లె మాస్టారు
14 డిసెంబరు 2023, ఉదయం 7.15

మొదటి స్థానం సంగతి మా అబ్బాయి చెప్పాడు. సంతోషమే గాని, ఈ నెల మొదటి వారంలో నేను స్వయంగా ఏం వెతికానో చెబితే మీరంతా నవ్వుతారు. 5వ తేదీన మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు, రాత్రీ పగలూ, అది ఎక్కడుంది అన్న ఒక్క మాటే ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. కోతకు వచ్చిన వరి పొలంలో ఉంది. కరెంటు పోయాక పక్కింటాయన ఫోనులో చూశాము, అది కూడా ఆగిపోయాక ఇద్దరం అరుగు మీద కూర్చొని గాలి ఏ వైపు నుంచి వస్తోందో వింటూ ఉన్నాము.